వానకోయిలా తూనీగా, ఏది ఎక్కువ దూరం పోతుంది? పాపకి ఏం చెప్పమంటారు

పెన్నకట్ట:

అందరికీ నమస్తే. మాది కోవూరు దగ్గర ఒక పల్లె. మొన్న అల్పపీడనం పోయి, నాలుగు రోజుల ముసురు తర్వాత కాస్త ఎండ కాసిన సాయంత్రం పాపని తీసుకుని కాలవగట్టు మీదికి పోయాను. నాటు అయిపోయిన కయ్యల మీద తూనీగలు, లెక్కపెట్టడం మన వల్ల కాదు, కంటికి ఆనినంత దూరం అవే. అన్నీ పసుపు రంగువి. ఒక్కటంటే ఒక్కటి వాలదే, మనిషి నడుమెత్తులో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. వాటి మధ్యలోంచే తోక చీలిన చిన్న పిట్టలు నీళ్లని తాకీ తాకనట్టు దూసుకుపోతున్నాయి. చీకటి పడే ముందు ఆ పిట్టలన్నీ పోయి కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. మా జేజి ఉన్నప్పుడు వీటిని వానకోయిలలు అనేది, తూనీగలు కిందికి దిగి ఎగిరితే వాన దగ్గర్లోనే ఉందని కూడా అనేది.

పాప ఐదో తరగతి. మీ ఊళ్లో కనిపించే రెండు ప్రాణుల్ని పోల్చి రెండు పేజీలు రాసుకు రమ్మన్నారట, ఈ రెండే రాస్తానని పట్టుబట్టింది. రెండూ ఎగిరే పురుగుల్నే తింటున్నాయి, రెండూ వానలతోనే వచ్చాయి, మరి రెండిట్లో ఏది గొప్పదమ్మా అని అడిగితే నేను ఆలోచించకుండా పిట్టేనని చెప్పేశాను. ఇవి ఎక్కడో దూరం నుంచి వస్తాయి కదా అన్నాను. దానికి అది, తూనీగ కూడా దూరం నుంచే వచ్చిందేమో, రాలేదని నీకెవరు చెప్పారు అంది. నా దగ్గర జవాబు లేదు.

దీనికి రెండు కాళ్లు, దానికి ఆరు కాళ్లు అని టేబుల్ గీసిస్తే మార్కులు పడతాయి, కానీ పాప అడిగింది అది కాదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాస్తే తనకి చదివి వినిపిస్తాను. ఆ పిట్టలు తూనీగల్ని కూడా తింటాయా అని ప్రత్యేకంగా అడగమంది.

పులికాట్ ఒడ్డు:

అక్కా, మీ పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. ముందు పిట్ట సంగతి తేల్చుకుందాం. తోక చివర రెండు పక్కలా సన్నటి ఈకలు పొడుగ్గా ఉండి, నుదురు, గొంతు ఇటుక రంగులో, గొంతు కింద నల్లటి పట్టీ ఉంటే అది మీ జేజి చెప్పిన వానకోయిలే. ఇంకో రకం కూడా మన కాలవల మీద తిరుగుతుంది, దాని తోకలో రెండు తీగల్లాంటి ఈకలు ఉంటాయి, తల మీద ఇటుక రంగు, గొంతు నుంచి పొట్ట దాకా తెలుపు. అది ఏడాదంతా ఇక్కడే ఉంటుంది, వంతెనల కింద మట్టితో గూడు కట్టుకుంటుంది. తాటిచెట్ల చుట్టూ గిరికీలు కొట్టే బూడిదరంగు పిట్టల్ని కూడా చాలామంది వానకోయిలలే అంటారు గానీ వాటి వంశం పూర్తిగా వేరు, అవి పాడే పిట్టల్లోకి రావు. వాటి కాళ్లు తీగని పట్టుకోవడానికి పనికిరావు, తాటాకుకి గోళ్లతో వేలాడతాయి. మీరు చూసినవి తీగ మీద వరసగా కూర్చున్నాయంటే అవి తాటిచెట్టు పిట్టలు కావు.

తూనీగ విషయంలో కూడా మీరు రాసిన గుర్తులు సరిపోతున్నాయి. ఒళ్లు బంగారు పసుపు, రెక్కలు గాజులా ఉండి, వాలకుండా గుంపులు గుంపులుగా తిరిగేది గ్లోబ్ స్కిమ్మర్, శాస్త్రం పేరు పాంటాలా ఫ్లావెసెన్స్. ఎప్పుడన్నా ఆగినా మిగతా తూనీగల్లా పుల్ల మీద అడ్డంగా కూర్చోదు, కొమ్మ కింద నిలువుగా వేలాడుతుంది. దాని వెనక రెక్కలు మొదట్లో బాగా వెడల్పు, అందుకే రెక్క ఆడించకుండా గాలి మీద తేలుతూ పోగలదు. ఈ ఒక్క గుర్తు చాలు, ఇది దూరప్రయాణాల ప్రాణి అని చెప్పడానికి.

ఇప్పుడు ప్రయాణం. వానకోయిల హిమాలయాల్లో, ఇంకా పైన మధ్య ఆసియా, సైబీరియా వైపు ఎండాకాలంలో పిల్లల్ని చేస్తుంది. అక్కడ చలి ముదిరి పురుగులు దొరకని రోజులు వచ్చేసరికి దక్షిణానికి దిగుతుంది. మన దగ్గర ఇంచుమించు సెప్టెంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా కనిపిస్తుంది. ఎంత బరువుంటుందో తెలుసా, 20 గ్రాములు, అంటే మూడు ఐదు రూపాయల బిళ్లలంత. ఇదే జాతి పిట్టలు యూరప్‌లో పుట్టినవి ఆఫ్రికా కొస దాకా పోతాయి. 1911లో ఇంగ్లాండులో ఒక ఇంటి దగ్గర గూడు కట్టిన వానకోయిల కాలికి ఉంగరం తొడిగితే, 1912 డిసెంబరులో అది దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో దొరికింది. ఒక వైపు ప్రయాణమే 10,000 కిలోమీటర్ల దాకా. అంతకుముందు వందల ఏళ్ల పాటు యూరప్‌లో పెద్ద పెద్ద పండితులు కూడా ఈ పిట్టలు చలికాలమంతా చెరువు అడుగున బురదలో పడి నిద్రపోతాయని రాసేవాళ్లు.

తూనీగ కథ బయటపడింది మాల్దీవుల్లో. అక్కడ ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త ఒక విషయం గమనించాడు. ఏటా అక్టోబరులో దీవుల మీదికి లక్షల్లో తూనీగలు వచ్చి పడుతున్నాయి. కానీ ఆ దీవుల్లో తూనీగ గుడ్డు పెట్టి పిల్ల పెరగడానికి తగ్గ మంచినీటి చెరువులు, గుంటలు దాదాపు లేవు. అక్కడ పుట్టలేదంటే బయటి నుంచి వచ్చినట్టే. ఏళ్ల తరబడి ఏ దీవిలో ఏ తేదీన ముందు కనిపించాయో రాసుకుంటూ పోతే ముందు ఉత్తరాన, తర్వాత దక్షిణాన, అంటే మన దేశం వైపు నుంచి దిగుతున్నాయని తేలింది. ఈశాన్య రుతుపవనాల గాలి పట్టుకుని, వెయ్యి మీటర్లకు పైన ఎత్తులో, దక్షిణ భారతం నుంచి మాల్దీవులకి, అక్కడి నుంచి సముద్రం మీదుగానే తూర్పు ఆఫ్రికాకి పోతాయని 2009లో రాశాడు. ఆఫ్రికాలో వానలు పడిన చోట గుడ్లు పెడితే, వాటి తర్వాతి తరాలు మళ్లీ మన నైరుతి గాలులతో వెనక్కి వస్తాయి. మొత్తం చుట్టు ఆయన లెక్కలో 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు, నాలుగు తరాలు పడుతుంది.

పాపకి నేను ముఖ్యంగా చెప్పాలనుకునేది ఇదే. వానకోయిలలో వెళ్లిందే తిరిగొస్తుంది. పోయినేడు కట్టిన గూటికే, అదే దూలానికే వచ్చి మట్టి మెత్తుకుంటుంది. తూనీగలో అలా కాదు, వెళ్లింది ఒకటి, వచ్చేది దాని మునిమనవరాలు. ఆ మునిమనవరాలికి దారి చూపించడానికి అమ్మ లేదు, అమ్మమ్మ లేదు, అయినా గాలి మారగానే సరిగ్గా అటే పోతుంది. అందుకని ఏది ఎక్కువ దూరం అంటే, ఒక్క ప్రాణి జీవితకాలంలో తిరిగిన దూరం లెక్కేస్తే పిట్టదే. కానీ ఎంత ఒంటితో ఎంత నీళ్లు దాటింది అని చూస్తే నా ఓటు తూనీగకే. 0.3 గ్రాముల బరువు అక్కా అది, అంటే పదిహేను ఇరవై వడ్లగింజలు. 2021లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టింది ఏంటంటే, ఒంట్లో ఉన్న కొవ్వుతో అది గట్టిగా 90 గంటలు ఎగరగలదు, గాలి కలిసి రాకపోతే సముద్రం దాటలేదు.

మీ జేజి వాన మాట కూడా ఊరికే పోదు. ఈ తూనీగలు వానగాలులతోనే కదులుతాయి, ఎందుకంటే వాటికి చేపలు లేని కొత్త నీటి గుంటలు కావాలి. వాన పడే చోటికే అవి పోతాయి కాబట్టి అవి కనిపించినప్పుడు వాన దగ్గర్లో ఉండటం సహజం.

చీమకుర్తి రాయి:

ఒళ్లంతా నల్లగా ఉండే ఏట్రింత పిట్ట తింటుంది తూనీగల్ని, నేను రోజూ చూస్తాను. స్తంభం మీద కూర్చుని ఉంటుంది, తూనీగ పక్కనుంచి పోగానే ఒక్క ఊపులో పట్టుకుని మళ్లీ అక్కడికే వచ్చి రెక్కలు విదిలించి మింగుతుంది. తేనెటీగల్ని పట్టే పచ్చ పిట్టలు కూడా అంతే. వానకోయిల మాత్రం ఎక్కువగా ఈగలు, దోమలు, వాన పడ్డాక లేచే ఉసుళ్లు, ఇలాంటి చిన్నవాటినే తింటుంది. అది నోరు తెరుచుకుని గాల్లో ఎగురుతూ పట్టేది, ఇంత పొడుగు తూనీగ దాని రోజువారీ తిండి కాదు. కాబట్టి మీరు చూసిన సాయంత్రం పిట్టా తూనీగా ఒకదాన్ని ఒకటి తరుముకోవడం లేదు, ఒకే విస్తట్లో తింటున్నాయి.

ఇంకో విషయం, ఇది నా కళ్లతో చూసింది. నేను గ్రానైట్ పాలిషింగ్ దగ్గర పని చేస్తాను. మా దగ్గర నల్లరాయి పాలిష్ పట్టాక నీళ్లలాగే మెరుస్తుంది, మొహం చూసుకోవచ్చు. పలకలు బయట పడుకోబెట్టి ఉంచిన రోజుల్లో తూనీగలు వచ్చి ఆ రాతి మీద తోక కొనతో టక్ టక్ మని తాకిస్తూ పోతాయి. ఒకసారి కూర్చుని దగ్గరగా చూస్తే ఆవగింజలో పదో వంతు కూడా లేని తెల్లటి చుక్కలు రాతికి అంటుకుని ఉన్నాయి. గుడ్లు. ఎండకి నిమిషాల్లో ఎండిపోయాయి. నీళ్ల మీద నుంచి వచ్చే వెలుతురుకి ఒక రకమైన తీరు ఉంటుందని, తూనీగ కన్ను దాన్ని గుర్తుపట్టే నీళ్లు ఎక్కడున్నాయో తెలుసుకుంటుందని, నున్నటి నల్లరాయి కూడా అదే తీరులో వెలుతురు పంపుతుందని తర్వాత తెలిసింది. హంగరీలో శ్మశానాల్లో నల్లటి పాలిష్ సమాధి రాళ్ల దగ్గరికి తూనీగలు ఇలాగే వస్తున్నాయని 2007లో పరిశోధన కూడా చేశారు. ఆ రోజు నుంచి నేను పలకల మీద పాత గోనెపట్టాలు కప్పుతున్నాను, మా మేస్త్రీకి చెబితే ఆయన కూడా సరేనన్నాడు. వానకోయిలలు అదే షెడ్డు ముందు నీళ్ల తొట్టి మీద వాలకుండానే నోరు ముంచి తాగిపోతాయి, రాతి జోలికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. పాప రాసేదాంట్లో ఈ తేడా కూడా పెట్టమనండి.

కంభం చెరువు:

మేడం, నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను, చెరువు మా ఇంటికి నడిచిపోయేంత దూరం. ప్రయాణం గురించి పైన బాగా రాశారు, నేను ఒంటి నిర్మాణం గురించి చెబుతాను, ఎందుకంటే పిల్లలకి అసలు ఆశ్చర్యం అక్కడే ఉంది. రెండూ ఎగురుతాయి కానీ ఎగరడం నేర్చుకున్నది వేరు వేరు దారుల్లో. పిట్ట రెక్క అంటే ఒకప్పటి ముందుకాలు, లోపల ఎముకలున్నాయి, మన చేతికి ఉన్న ఎముకలే కాస్త మారి. తూనీగ రెక్క కాలు కాదు, చెయ్యి కాదు, ఒంటి మీది చర్మపు పొర పెరిగి రెక్క అయింది, కాళ్లు ఆరూ ఆరే ఉన్నాయి. పిట్ట రెండు రెక్కలూ కలిపి కొడుతుంది. తూనీగకి నాలుగు రెక్కలు, దేని కండరాలు దానికే నేరుగా రెక్క మొదలుకి అతికి ఉంటాయి, కాబట్టి నాలుగింటినీ నాలుగు రకాలుగా కదపగలదు. అందుకే గాల్లో ఉన్నచోటే నిలబడుతుంది, ఉన్నట్టుండి వెనక్కి కూడా పోతుంది. వానకోయిలకి ఆ పని రాదు, దాని బలమంతా మలుపులో ఉంది, చీలిన తోకని విప్పి ముడిచి గాలిని కోసుకుంటూ తిరుగుతుంది.

వయసు చెబితే మా పిల్లలు నమ్మలేదు. తూనీగల పూర్వీకులు 30 కోట్ల ఏళ్ల కిందటే ఎగిరేవి, ఫ్రాన్సులో బొగ్గు గనుల దగ్గర దొరికిన ఒక శిలాజానికి ఈ కొస నుంచి ఆ కొసకి రెక్కలు 65 సెంటీమీటర్లకి పైనే ఉన్నాయి, అంటే మన మూర కంటే ఎక్కువ. మొదటి పక్షి అని చెప్పుకునేది వచ్చింది 15 కోట్ల ఏళ్ల కింద. ఆ 30 కోట్ల ఏళ్లలో సగం కాలం తూనీగలు పిట్టలు లేని ఆకాశంలో వేటాడాయి.

వేట పద్ధతి చూడండి. వానకోయిల నోటితో పడుతుంది. తూనీగ ఆరు కాళ్లనీ ముందుకి చాపి బుట్టలా చేసి పురుగుని అందులోకి తోసుకుంటుంది, ఆ కాళ్లతో నడవడం మాత్రం దానికి చేత కాదు. కంటిలో 30,000 దాకా చిన్న చిన్న కళ్లు, దాదాపు అన్ని వైపులా చూస్తుంది. పురుగు ఇప్పుడు ఉన్న చోటికి కాదు, ఇంకాసేపట్లో ఉండబోయే చోటికి ఎదురు పోతుంది. పరిశోధనశాలలో పెట్టి చూస్తే 100 సార్లు దూకితే 95 సార్ల దాకా పట్టుకుంది. పులి కూడా ఈ లెక్కకి దరిదాపుల్లోకి రాదు.

ఇక పెంపకం. వానకోయిల నాలుగైదు గుడ్లు పెట్టి రెండు వారాలు పొదుగుతుంది, పిల్లలు గూట్లో ఇంకో మూడు వారాలు, అమ్మా నాన్న ఇద్దరూ రోజుకి వందల సార్లు పురుగులు తెచ్చి నోట్లో పెడతారు. తూనీగ తల్లి వందల గుడ్లు నీళ్లలో వేసి వెళ్లిపోతుంది, మళ్లీ చూడదు. పిల్లకి రెక్కలుండవు, నీళ్లలోనే పెరుగుతుంది. దాని కింది పెదవి మడిచిన చెయ్యిలా ఉంటుంది, దోమపిల్ల దగ్గరికి రాగానే చటుక్కున ముందుకి చాచి లాక్కుంటుంది. ఊపిరి వెనక వైపు నుంచి తీసుకుంటుంది, అక్కడే మొప్పలుంటాయి, భయపడితే ఆ నీళ్లనే వేగంగా వెనక్కి చిమ్మి రాకెట్‌లా ముందుకి దూసుకుపోతుంది. మా ఏడో తరగతి వాళ్లకి గాజు గిన్నెలో పెట్టి, దాని వెనక రంగునీళ్లు ఒక చుక్క వేసి చూపించాను, ఆ రంగు ఎగజిమ్మడం చూసి ఆ రోజు ఎవరూ ఇంటర్వెల్‌కి కూడా బయటికి పోలేదు.

పాట విషయం మర్చిపోవద్దు. వానకోయిల పాడే పిట్ట, ఛాతీలో ఊపిరిగొట్టం రెండుగా చీలే చోట దాని స్వరపేటిక ఉంటుంది, మగపిట్ట గలగలా పాడి చివర్లో ఒక గరగర శబ్దంతో ఆపుతుంది. పాడే పిట్టలు పాటని పెద్దవాటి దగ్గర విని నేర్చుకుంటాయి. తూనీగకి గొంతే లేదు, మనకి వినిపించేది రెక్కల గలగల మాత్రమే.

ఎడగారు రైతు:

నాది అల్లూరు వైపు, ఐదెకరాలు కౌలు. పెద్దగా చదువుకోలేదు గానీ ఈ రెండిటి గురించీ చెప్పాల్సింది నాకూ ఉంది. మూడేళ్ల కింద వరి రసం పీల్చే సుడిదోమ భయంతో, దోమ కనిపించీ కనిపించకముందే మందులషాపాయన ఇచ్చింది ఇచ్చినట్టు రెండుసార్లు కొట్టాను. దోమ మొదట తగ్గింది, పదిహేను రోజులకి రెట్టింపై వచ్చింది, కయ్య మధ్యలో గుండ్రంగా మాడిపోయి సుడులు పడ్డాయి. ఆ కారు పంటప్పుడు నేను గెనిమ మీద కూర్చుని చూస్తే ఒక్క తూనీగ లేదు, సాలీడు గూడు లేదు, పిట్టలు కూడా పక్క చేనుకి పోతున్నాయి తప్ప మా కయ్య మీదికి దిగడం లేదు. నాకు ఎకరాకి పది బస్తాలు పోయాయి, పెట్టుబడి అప్పు ఇంకా కొంత తీరలేదు. దోమని తినేవాటినే ముందు చంపుకున్నానని తర్వాత వ్యవసాయం ఆఫీసరు చెబితే తెలిసింది.

పోయినేడు నాట్లప్పుడే రెండు మీటర్లకి ఒక కాలిబాట తీశాను, దుబ్బులు లెక్కేసి చూసి దోమ హద్దు దాటితేనే కొట్టాలని పెట్టుకున్నాను. ఒక్కసారే అవసరం పడింది, అదీ ఒక మూలే. తూనీగలు మళ్లీ వచ్చాయి. మీరు చెప్పే పసుపువి కాక ఇంకొకటి ఉంటుంది మా కయ్యల్లో, చిన్నది, రెక్కల మొదలు నల్లగా, తర్వాత తెల్లటి మచ్చ, కొస గాజులాగా. అది వరి ఆకు కొసన కూర్చుని లేచి చిన్న పురుగుల్ని పట్టి మళ్లీ అదే ఆకు మీదికి వస్తుంది. దాన్ని చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. దోమ వస్తే నీళ్లు తీసి కయ్య ఆరబెట్టమంటారు, ఆరబెడితే నీళ్లలో ఉన్న తూనీగ పిల్లలు పోతాయి. నేను అందుకని కయ్య మూలలో మడి కన్నా జానెడు లోతు గుంట ఒకటి వదిలేస్తున్నాను, నీళ్లు తీసినా అందులో మిగులుతాయి. ఎంతవరకు పని చేస్తుందో ఇంకో రెండు కార్లు చూసి చెబుతాను.

కంభం చెరువు:

అన్నా, మీరు చేసిన గుంట ఆలోచన చాలా బాగుంది, మా వైపు రైతులకి కూడా చెబుతాను. మీకు జరిగిందే వేరే దేశాల్లోనూ జరిగింది. జపాన్‌లో వరికయ్యల మీద ఎర్ర తూనీగలు పిల్లల పాటల్లో ఉండేంత మామూలు దృశ్యం, 1990ల తర్వాత చాలా జిల్లాల్లో దాదాపు కనబడకుండా పోయాయి. నారు పెట్టెల్లో వేసే ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు నీళ్లలోకి చేరి తూనీగ పిల్లల్ని చంపాయని అక్కడి శాస్త్రవేత్తలు చెప్పారు. పిట్టల వైపు చూస్తే, 2014లో నెదర్లాండ్స్‌లో వచ్చిన పరిశోధనలో ఇదే ఇమిడాక్లోప్రిడ్ నీళ్లలో ఎక్కువ ఉన్న చోట్ల పురుగులు తినే పిట్టలు సగటున ఏటా 3.5 శాతం చొప్పున తగ్గాయి. వాళ్లు చూసిన పిట్టల్లో మన వానకోయిల కూడా ఉంది. పెన్నకట్ట మేడం, పాప రెండు పేజీల్లో తేడాలతో పాటు ఈ ఒక్క పోలిక కూడా రాస్తే బాగుంటుంది, రెండిటికీ కయ్యలో నీళ్లే దిక్కు, ఆ నీళ్లలో ఏం కలిస్తే అది రెండిటికీ తగులుతుంది.

పెన్నకట్ట:

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోవద్దు. మీరందరూ రాసింది ఆ రాత్రే పాపకి మొత్తం చదివి వినిపించాను, మునిమనవరాలి మాట దగ్గర ఆపి మూడుసార్లు చదివించుకుంది. రెండు పేజీలు అన్నది ఆరు పేజీలైంది. క్లాసులో చదవమన్నారట, రాకెట్ సంగతి చదివినప్పుడు అందరూ మళ్లీ చెప్పు మళ్లీ చెప్పు అన్నారని వచ్చి చెప్పింది.

నిన్న తెల్లవారుజామున మంచు ఇంకా విడవకముందే కాలవగట్టుకి పోయాం. నెలన్నర కింద తూనీగలు తిరిగిన కయ్యే. పైరు మోకాలెత్తు వచ్చింది. నీళ్ల నుంచి జానెడు పైన ఒక వరి దుబ్బుకి ఏదో పురుగు అతుక్కుని ఉందనుకుని పాప వంగి చూస్తే, లోపల ఏమీ లేదు, తూనీగ పిల్ల విడిచిపోయిన ఖాళీ పొర. బొటనవేలి గోరు కన్నా కాస్త పొడుగు, ఎండిన ఆకు రంగు, ఆరు కాళ్లూ ఇంకా కాడని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. వీపు మీద నిలువుగా చీలి ఉంది, ఆ చీలికలోంచి తెల్లటి సన్నని దారాలు బయటికి వేలాడుతున్నాయి. మాస్టారూ, అవి దాని ఊపిరి గొట్టాల లోపలి పొరలని మీ పోస్టు చదివాక వెతికి తెలుసుకున్నాను. పక్క దుబ్బుకే రెక్కలు ఇంకా మెత్తగా తడిగా మెరుస్తూ ఒకటి వేలాడుతోంది, రంగు కూడా పూర్తిగా రాలేదు. మేం కదలకుండా కూర్చున్నాం. ఎండ తగిలి ఒక అరగంటకి రెక్కలు సన్నగా వణికాయి, ఆగింది, మళ్లీ వణికాయి, తర్వాత మా తలల మీదుగా లేచి కొబ్బరిచెట్ల వైపు పోయింది. పాప టాటా చెప్పింది.

రైతన్నా, మా మామయ్యకి మీ గుంట సంగతి చెప్పాను, వచ్చే కారుకి ఒక కయ్యలో తవ్వి చూస్తానన్నాడు. పులికాట్ తమ్ముడూ, తీగ మీద పిట్టలు ఇంకా ఉన్నాయి, గొంతు కింద నల్లపట్టీ కూడా చూశాం. వంటింట్లో క్యాలెండర్ మీద నిన్నటి తేదీ గడిలో పాప పెన్సిల్‌తో తీగ మీద 23 అని రాసింది, తీగ ఖాళీ అయిన రోజు కూడా రాస్తానని ఆ పెన్సిల్‌ని దారంతో క్యాలెండర్ మేకుకే కట్టేసింది.